రొట్టె ఆకారపు వాగ్దానాల పెట్టె: రెండు వందల కార్డులూ బైబిలుతో సరిచూశాక

పోయిన డిసెంబరు 31 రాత్రి మా గుడిలో వాచ్‌నైట్ ప్రార్థన అయ్యాక అందరం వరుసలో నిలబడి తలా ఒక వాగ్దానపు కార్డు, అంటే బైబిలు వచనం ఒకటి అచ్చువేసిన చిన్న అట్ట ముక్క, ఆ ఏటికి దేవుడి మాటగా తీసుకున్నాం. మా అమ్మకు వచ్చిన కార్డు మీద ఇట్లా ఉంది: "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." కింద ద్వితీయోపదేశకాండము 28:12. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. అప్పటికి మా ఇంటి మీద మూడు అప్పులున్నాయి. నాన్న చివరి ఏడాది ఆసుపత్రి కోసం తెచ్చినవి రెండు, కొట్టుకు సరుకెత్తిన హోల్‌సేల్ బాకీ ఒకటి.

మార్చిలో అమ్మ తన గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చింది. ఆ సాయంత్రం ఫ్రిజ్ ముందు నిలబడి, "దేవుడు మాట తప్పడు గదమ్మా. మరి నేనేం తప్పు చేశానంటావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నమే చుట్టం ఒకావిడ "విశ్వాసం చాలకపోతే వాగ్దానం పట్టుకోలేం వదినా" అని చెప్పి వెళ్ళిందట. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. నాకు తెలిసి ఆమె కుటుంబ ప్రార్థన చేయకుండా దీపం ఆర్పిన రాత్రి లేదు.

గుడిలో వాడిన పెట్టె ఏదో కనుక్కుని, అదే రకం ఒకటి నేనూ కొన్నాను. ఒంగోలులో క్రైస్తవ పుస్తకాలమ్మే కొట్టులో 240 రూపాయలు. మూడు నెలల పాటు మధ్యాహ్నం బేరాల్లేని వేళల్లో కొట్టులో కూర్చుని, రెండు వందల కార్డులూ ఒక్కొక్కటే తీసి, మా నాన్న బైబిలుతో సరిచూశాను. పాత ఖాతా పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉంటే వాటిలో రాసుకున్నాను. ఈ పెట్టె కొనాలనుకునేవాళ్ళకు, ముఖ్యంగా డిసెంబరులో సంఘానికి మొత్తంగా తెప్పించే పెద్దలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అచ్చు వేసినవాళ్ళ పేరు రాయను. ఇలాంటి పెట్టెలు చాలామంది వేస్తున్నారు, నేను చెప్పేది ఒక్కరికి సంబంధించింది కాదు.

ముందు వస్తువు సంగతి. గట్టి ప్లాస్టిక్కుతో రొట్టె ఆకారంలో చేశారు. పైన పొడుగ్గా గాడి, అందులో కార్డులు నిలబెట్టి ఉంటాయి. చేతి వేలంత పొడుగు, రెండు వేళ్ళంత వెడల్పు. ఒకవైపు తెలుగు, వెనక ఇంగ్లీషు. కాగితం నున్నటి అట్ట, చెమట చేత్తో పట్టుకున్నా పాడు కాదు. అక్షరాలు పెద్దవి, నలుపు చిక్కగా ఉంది. అమ్మ అద్దాలు లేకుండా చదివేస్తుంది. లెక్క సరిగ్గా రెండు వందలు ఉన్నాయి, నాలుగు మాత్రం రెండేసి సార్లు వచ్చాయి. రెండు కార్డుల మీద అధ్యాయం అంకె తప్పు పడింది. పెట్టెను కిటికీలో పెట్టొద్దు, నెల రోజులకే ఎండకు మూత వంగి మళ్ళీ సరిగా కూర్చోవడం లేదు.

పిల్లలకు ఇది బాగా పనికొచ్చింది, ఇది మనసారా చెప్తున్నాను. మా అబ్బాయి ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు, పుస్తకం ఇస్తే పారిపోయేవాడు. రాత్రి ప్రార్థనలో కార్డు తీసి చదివే పని వాడికి అప్పజెప్పాం. ఒక్క వాక్యమే కాబట్టి భయపడలేదు. "అనుగ్రహింపబడును" అనే మాటను మూడు రోజుల్లో తడబడకుండా పలికాడు. ఇప్పుడు కీర్తనలు తనే తీసి చదువుతున్నాడు. వాడి చేత ఆ పని చేయించినందుకు ఈ పెట్టె నా ఇంట్లో ఉంటుంది.

పెట్టె ముందు భాగాన పొడుచుకొచ్చిన అక్షరాలతో మత్తయి 4:4 ఉంది. మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదుగాని దేవుని నోటనుండి వచ్చు ప్రతి మాటవలనను జీవించును. ఆ "ప్రతి మాట" దగ్గరే నా ఇబ్బంది మొదలవుతుంది.

అమ్మ కార్డు ఉన్న అధ్యాయం తీయండి. ద్వితీయోపదేశకాండము 28లో మొదటి మాటే "నీవు నీ దేవుడైన యెహోవా మాట శ్రద్ధగా విని". రెండో వచనం, "నీవు నీ దేవుడైన యెహోవా మాట వినినయెడల ఈ దీవెనలన్నియు నీమీదికి వచ్చి నీకు ప్రాప్తించును." ఆ తర్వాతే గంప దీవెన, పిండి పిసికే తొట్టి దీవెన, లోపలికొస్తే దీవెన, బయటికెళ్తే దీవెన, తోక కాకుండా తల కావడం, అప్పివ్వడం అన్నీ. ఈ ఒక్క అధ్యాయంలో నుంచే పెట్టెలో తొమ్మిది కార్డులున్నాయి. తొమ్మిదింటిలో ఒక్కదాని మీద కూడా "మాట వినినయెడల" లేదు.

ఇది మన భాషలో సులువుగా జరిగిపోతుంది, చూశారా. తెలుగులో షరతు ముందొస్తుంది, ఫలం చివరికొస్తుంది. "వినినయెడల" దాకా కత్తిరిస్తే మిగిలిన ముక్క కుంటదు, వెలితిగా కనపడదు. నిండు వాక్యంలాగే చదువుకోవచ్చు. చదివేవాళ్ళకు ఏదో తెగిందన్న అనుమానం కూడా రాదు. "మీరు భూమియొక్క మంచి పదార్థములను అనుభవింతురు" అని ఒక కార్డు. యెషయా 1:19. బైబిల్లో దాని ముందు "మీరు సమ్మతించి నా మాట వినినయెడల" ఉంది. ఇంకో రెండు వచనాలు పైకెళ్తే, కీడు చేయడం మానండి, తండ్రిలేనివాడికి న్యాయం తీర్చండి, విధవరాలి పక్షాన వాదించండి అని ఉంది. పండుగలకూ బలులకూ ఏ లోటూ రానివ్వని జనంతో, మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయని దేవుడు చెప్తున్న చోటు అది. ఆ చోటునుంచి మంచి పదార్థాలు మాత్రం ఏరి తెచ్చారు.

నా ఖాతా పుస్తకంలో ఇట్లా "యెడల" పోయిన కార్డులు నలభై ఒకటి తేలాయి. ఒక్కోటీ ఇక్కడ రాయను. నన్ను ఎక్కువ బాధపెట్టింది హెబ్రీయులకు 13:5. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." నాన్న ఊపిరి అందని రాత్రుల్లో నేను ఆయన చెవిలో చెప్పిన మాట ఇదే, నాకు ప్రాణం. కానీ అదే వచనంలో ముందు సగం నేను ఈ వేసవి దాకా పట్టించుకోలేదు: "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి." దేవుడు విడిచిపెట్టడు కాబట్టి డబ్బు కోసం వెంపర్లాడొద్దు అని అక్కడి మాట. రెండూ కలిసి పుట్టిన కవలలు. ఒకదాన్ని పెట్టెలోకి తెచ్చి ఒకదాన్ని బయట వదిలేశారు.

యిర్మీయా 29:11 గురించి కూడా చెప్పాలి, అది మా తమ్ముడి ఫోను మీద ఉండే వచనం. వాడు కువైట్‌లో డ్రైవరు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ళు అని ఉంది. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుందని చెప్పాడు, జనానికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో. యిర్మీయా మాత్రం ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు. ఫోనులో ఇది తమ్ముడికి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, నేను ఈ ఊరి కోసం ఒక్కసారి కూడా ప్రార్థన చేయలేదే" అన్నాడు. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు.

షరతు చెక్కుచెదరకుండా ఉన్న కార్డు ఒకటుంది. మలాకీ 3:10. "పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొని రండి" అనే మాట నుంచి ఆకాశపు వాకిండ్లు విప్పడం దాకా, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి మరీ పూర్తిగా వేశారు. దశమభాగం మేము ఇస్తాం, ఇవ్వాలనే నమ్ముతాం. కానీ అదే అధ్యాయం అయిదో వచనంలో కూలివాళ్ళకు కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్ళ మీద, విధవరాలిని, తండ్రిలేనివాళ్ళను బాధపెట్టేవాళ్ళ మీద దేవుడే సాక్ష్యం చెప్తానంటున్నాడు. కానుక దగ్గర విధేయత గుర్తుపెట్టుకుని, కూలి దగ్గర మర్చిపోతే ఎట్లా? ఈ కార్డులు వేసేవాళ్ళను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంత పట్టింపు నాకు ఎందుకంటే, మా నాన్న.

నాన్న చిల్లర కొట్టు నలభై ఏళ్ళు నడిపాడు. ఎలక్ట్రానిక్ కాటా రాకముందు ఇనప తూనిక రాళ్ళు ఉండేవి. రాయి అడుగున గుంటలో సీసం పోసి, దాని మీద తూనికల శాఖవాళ్ళు ముద్ర కొట్టేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు అరకిలో రాయి నేలమీద పడితే, దాని అడుగున సీసం లేదని నాన్న చూశాడు. ఎప్పుడు ఊడిపోయిందో తెలియదు. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి తూయిస్తే పన్నెండు గ్రాములు తక్కువ. అంటే అరకిలో కందిపప్పు కొన్న ప్రతివాళ్ళకూ పన్నెండు గ్రాములు తక్కువ వెళ్ళింది, ఎన్నాళ్ళుగానో.

"హెచ్చు తగ్గులుగల వేరువేరు తూనికె రాళ్లు నీ సంచిలో నుంచుకొనకూడదు" అనే వచనం, ద్వితీయోపదేశకాండము 25:13, నాన్న బైబిల్లో ఎర్ర పెన్సిలు గీతతో ఇప్పటికీ ఉంది. కావాలని చేసింది కాదు కదా అని అమ్మ అంది. నాన్న ఆ రాయి పక్కన పడేసి కొత్తది కొన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు, అరకిలో అడిగిన ప్రతివాళ్ళకూ తూకం అయ్యాక ఒక గుప్పెడు కొసరు వేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కొంతమంది "ఏంది, ఇయ్యాల చెయ్యి పెద్దదైంది" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆ ఆరు నెలల్లో మా కొట్టు లాభం ఎంత తగ్గిందో అమ్మకు బాగా గుర్తు, ఆ ఏడు నాకు పండుగ బట్టలు కుట్టించలేదు. కానీ ఆ ఆరు నెలలే నాన్న తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ తలుపు చెక్కలు తీసేవాడని కూడా అమ్మే చెప్తుంది.

నాన్న ధనవంతుడు కాలేదు. వీధి చివర మార్ట్ వచ్చాక కొట్టు సన్నబడింది. జబ్బు చేసింది. అప్పు మిగిల్చి పోయాడు. ఈ పెట్టె లెక్కన చూస్తే ఆయన తల కాలేదు, తోకగానే ఉండిపోయాడు. అప్పివ్వలేదు, అప్పు చేశాడు. ఆ లెక్క తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో చెప్పడానికి మాటలు మాత్రం చాలా రోజులు దొరకలేదు.

ఏప్రిల్లో మా సంఘ కాపరి అయ్యగారు ఇంటికి ప్రార్థనకు వచ్చినప్పుడు అమ్మ అదే ప్రశ్న ఆయన్నీ అడిగింది. ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. ఫ్రిజ్ మీద కార్డు చూసి, బైబిలు తెరిచి 28వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవడం మొదలుపెట్టారు. పధ్నాలుగో వచనంతో దీవెనలు అయిపోయాయి. పదిహేను నుంచి శాపాలు, అరవై ఎనిమిది దాకా. ఒక్కటీ వదలకుండా చదివారు. గంప మీద దీవెన ఉన్నట్టే గంప మీద శాపం కూడా ఉంది. మధ్యలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చదవడం అయ్యాక అయ్యగారు, "మోషే ఇది మోయాబు దేశంలో ఒక జనం మొత్తానికి చెప్పాడమ్మా. దీంట్లో కార్డంత ముక్క కోసుకుని, బ్యాంకు పుస్తకం పక్కన పెట్టి చూసుకోకూడదు. ఇంత పొడుగు శాపం చదివాక ఇంకెవరు తప్పించుకోగలరు?" అన్నారు. ఆ తర్వాత గలతీయులకు మూడో అధ్యాయం తీశారు. క్రీస్తు మన కోసం శాపమైపోయాడని ఉన్న చోటు. ఫిలిప్పీయులకు రెండో అధ్యాయంలో, మరణం పొందేంతగా విధేయత చూపాడని ఉన్న చోటు.

"పూర్తిగా మాట విన్నవాడు ఒక్కడేనమ్మా. ఆయనకు దొరికింది సిలువ. నీకు అప్పుంటే నీ విశ్వాసం తక్కువని ఎవరన్నారో, వాళ్ళు ఆయన సిలువను ఏమంటారో అడుగు." అట్లా అని లేచి, కాఫీ తాగి వెళ్ళారు.

అమ్మ ఆ రాత్రి నాయనమ్మ చెప్పిన కథ ఎత్తింది. మాకు కొత్తేమీ కాదు, కానీ అట్లా ఎప్పుడూ వినలేదు. మా ముందుతరాలది గుండ్లకమ్మ ఏటి దగ్గర పల్లె, తోలు పని. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. ఆయన నమ్మినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవి. కానీ పల్లెలో ఆ మూడూ పాటించడమంటే ఊరి పెద్దలకు ఎదురు తిరగడమే. పని పోయేది. బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. గొడ్డు చస్తే దొరికే తిండి వద్దనుకోవడమంటే ఆకలి కోరుకోవడమే. మాట విన్నందుకు వాళ్ళకు ముందుగా దొరికింది అది.

1876లో ధాత కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలని. కరువు తీరి, కూలి ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా నాయనమ్మ తాత ఆ రోజు ఆ ఏటిలో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇప్పుడు ఆలోచిస్తే, కూలి ఉన్నప్పుడు ఆగమని చెప్పి కూలి ఆగాక దిగనిచ్చారు. దీవెనను ఎరగా పెట్టకుండా నిలబెట్టిన సంఘం మాది. అదే సంఘంలో ఈరోజు కొత్త సంవత్సరానికి దీవెన సగం మాత్రమే చేతిలో పెడుతుంటే నాకు నొప్పిగా ఉండదా?

కొత్త సంవత్సరమంటే గుర్తొచ్చింది. ఒంగోలులో మావాళ్ళు ప్రార్థన కొండ అని పిలుచుకునే కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున, క్లౌ దొర కంటే ముందొచ్చిన అదే మిషన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం అయిదుగురు దాన్నెక్కి మోకరించారు. అంతకుముందు ఏడాదే ఈ తెలుగు మిషన్ను మూసేయాలా అని అమెరికాలో పెద్దలు చర్చించుకున్నారు. కొండ మీద అయిదుగురి చేతుల్లో ఏ కార్డూ లేదు. కింద కనపడే ఊళ్ళకు ఎవరినన్నా పంపమని అడిగారు, అంతే. క్లౌ దొర వచ్చింది దానికి పన్నెండేళ్ళ తర్వాత.

పెట్టె దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇది కొన్నవాళ్ళు పారేయక్కర్లేదు, బాగు చేసుకోవచ్చు. నేనూ అబ్బాయీ కలిసి నలభై ఒక్క కార్డుల మీద పోయిన సగాన్ని రాశాం. బాల్‌పెన్నుతో రాయకండి, అట్ట నునుపుకు సిరా నిలవదు, అరచేతికంతా అంటుకుంటుంది. సీడీల మీద రాసే సన్నటి మార్కరు ఇరవై అయిదు రూపాయలకు దొరుకుతుంది, దాంతో రాస్తే చెరగదు. తెలుగు వైపు చోటు లేకపోతే వెనక ఇంగ్లీషు మీదే రాశాం. అబ్బాయికి "వినినయెడల" రాయడం ఎంత బాగా అలవాటైందంటే, బళ్ళో తెలుగు పరీక్షలో "వానలు పడినయెడల" అని రాసి వచ్చాడు. పంతులమ్మ కొట్టేయలేదు.

కొత్తగా కొనే సంఘాలకైతే నా సలహా వేరు. ఆ డబ్బుతో తెల్ల చార్టు అట్టలు కొని జిరాక్స్ షాపులో ముక్కలు కోయించుకోండి. రెండు వందల ముక్కలకు మాకు నూట పది రూపాయలు పట్టింది. యవ్వనస్థుల చేత, స్త్రీల సమాజం చేత వచనాలు పూర్తిగా రాయించండి. పొడుగైనా పర్లేదు. డిసెంబరు నెలంతా రాసేవాళ్ళు వాక్యంలో ఉంటారు, అది కొన్న పెట్టెతో రాదు. హబక్కూకు 3:17 కూడా వేయండి, అంజూరపు చెట్లు పూయకుండినను అనేది. ఈ పెట్టెలో దాని తర్వాత వచనం, యెహోవాయందు ఆనందించెదను అనేది ఉంది గానీ, పూయని చెట్టు లేదు. యోహాను 14:15 కూడా వేయండి. పెట్టెంతా వెతికాను, అది లేదు. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు." అక్కడా "యెడల" ఉంది, కానీ దాని తర్వాత వచ్చేది పంట కాదు, డబ్బు కాదు. ప్రేమ ఉంటే మాట వినడమే దాని ఫలం అని ఉంది. నాన్న పాటలు పాడుకుంటూ తలుపు చెక్కలు తీయడం నాకు ఆ వచనం దగ్గరే అర్థమైంది. ఆయన గుప్పెడు పప్పు వేసి దేవుడి దగ్గర ఏమీ కొనుక్కోవాలనుకోలేదు.

మార్కులేయాలంటే అచ్చుకు, అట్టకు అయిదుకు నాలుగు. వచనాలు ఏరిన తీరుకు రెండు. పిల్లలకు చదువు నేర్పుకోవడానికైతే కొనండి, పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని వాడండి. బాధలో ఉన్నవాళ్ళకు, అప్పులో ఉన్నవాళ్ళకు మాత్రం బహుమతిగా ఇవ్వకండి. వాళ్ళింటికెళ్ళి కూర్చుని అధ్యాయం చదివి వినిపించండి.

అమ్మ కార్డు సంగతి ఒకటి మిగిలింది. జూన్‌లో ఒకరోజు సరుకు లెక్క చూస్తూ ఉంటే అమ్మ ఉన్నట్టుండి, "మనం అప్పు ఇస్తున్నాం గదే" అంది. నిజమే. మా కొట్టులో ఖాతా పెట్టుకున్న ఇళ్ళు యాభైకి పైనే ఉన్నాయి. పొగాకు గ్రేడింగుకు వెళ్ళే ఆడవాళ్ళు, రాళ్ళ క్వారీ కూలీలు. కూలి డబ్బు వచ్చాక కడతారు, రాకపోతే ఆగుతాం. అనేక జనములకు అప్పివ్వడమంటే ఇంత కాలం అమ్మకు పెద్ద డబ్బున్నవాళ్ళ పనిగా కనిపించింది. ఆ రోజు ఖాతా పుస్తకం ముందేసుకుని, అదే ద్వితీయోపదేశకాండంలో అప్పిచ్చేవాళ్ళకు ఏం చెప్పాడో చూడమంది. 24వ అధ్యాయంలో దొరికింది. తిరగలి తాకట్టు పట్టకూడదు. తాకట్టు కోసం ఇంట్లోకి వెళ్ళకూడదు, బయట నిలబడాలి. తాకట్టు పెట్టినవాడు బీదవాడైనయెడల దాన్ని ఉంచుకుని నువ్వు పడుకోకూడదు, సూర్యుడు అస్తమించేటప్పటికి తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు అతను తన బట్ట కప్పుకుని పడుకుని నిన్ను దీవిస్తాడు. దీవెన అక్కడ ఆ పేదవాడి నోటినుంచి వస్తోంది.

అమ్మ కళ్ళద్దాలు తీసి గల్లాపెట్టె వైపు చూసింది. అందులో గుడ్డ మూటలో ఒక జత వెండి పట్టీలున్నాయి. గ్రేడింగుకు వెళ్ళే ఒకమ్మాయి బియ్యం బాకీ కింద ఫిబ్రవరిలో పెట్టి పోయింది. మేము అడగలేదు, తనే సిగ్గుపడి పెట్టింది, మేము తీసుకున్నాం. బాకీ ఇంకా తీరలేదు.

అప్పటికి సాయంత్రం అయిదున్నర. అమ్మ మూట చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని, పొద్దు వాలకముందే వాళ్ళ ఇంటికి నడిచివెళ్ళింది. గుమ్మం బయటే నిలబడి పిలిచిందట. తిరిగొచ్చాక ఫ్రిజ్ మీద కార్డు తీసి, వెనక్కి తిప్పి, 24:13 అని మార్కరుతో నా చేత రాయించి, మళ్ళీ అంటించింది. తన గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.